మేక ఒళ్ళు విదిలించాలి

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నీ హారర్ సినిమా స్క్రిప్టు అందింది. 118 పేజీలు, రెండు రాత్రుల్లో చదివాను. రెండో రాత్రి మధ్యలో కరెంటు పోయింది. మీ పిన్ని టార్చిలైటు తెచ్చి పక్కన పెట్టి, "భయమేస్తే పిలువు" అని వెళ్ళి పడుకుంది. పిలవాల్సిన అవసరం రాలేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు బాగున్నవి చెబుతాను, లేకపోతే మీ నాన్న ఫోన్ చేసి నా మీద ఎగురుతాడు. వాగు దగ్గర పొద్దుటి సీను బాగుంది. ఆ ఐదుగురి మధ్య పాత అప్పు గొడవ, దాన్ని ఎవరూ నోరు తెరిచి అనకపోవడం బాగుంది. మాటలు పొట్టిగా రాస్తావు, మీ వయసులో అది అరుదు. ఇక ఊరి సంగతికొద్దాం. హైదరాబాదు నుంచి వీడియోలు తీసుకుందామని బయల్దేరిన ఐదుగురు పాడేరు అవతల ఒక కొండ ఊళ్ళో దిగగానే జనం గుడ్లురిమి చూస్తారు. డప్పులు మోగుతాయి. సిగ్నల్ ఉండదు. కారు స్టార్టవదు. ఒక్కొక్కరే మాయమై, చివర్లో ఊరు అమ్మవారికి ఐదు తలలు మొక్కుకుందని తెలుస్తుంది. అంత జనంలో నాకు ఒక్క మనిషి కనపడలేదు. అందరూ కలిసి ఒకటే దెయ్యం.

తొమ్మిదో పేజీలో ఒక ముసలమ్మ "వచ్చిన దారినే పోండి" అంటుంది చూడు, నీ సినిమా అక్కడే అయిపోయింది. పొమ్మన్న చోట ఉండిపోయినవాడు చస్తే, వాడి మొండితనానికి చచ్చాడు అనుకుంటాం. రమ్మని పిలిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, "తిని వెళ్ళండి బాబూ" అన్న ఇంట్లో ఏదో తేడాగా ఉందని తట్టినప్పుడు పుట్టే భయం వేరు. మనవాళ్ళకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. విస్తరి ముందు కూర్చున్నాక తినకుండా లేచి రావడం మన దగ్గర ఎంత కష్టమో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

పల్లెల ఆచారాలు, నమ్మకాల చుట్టూ భయం అల్లే ఈ రకం సినిమాలను ఇప్పుడు ఫోక్ హారర్ అంటున్నారు. 2010లో బీబీసీ డాక్యుమెంటరీలో బ్రిటిష్ నటుడు, రచయిత మార్క్ గాటిస్ ఆ మాట వాడాక బాగా వ్యాపించింది కానీ, సరుకు చాలా పాతది. నువ్వు స్ఫూర్తి అని రెండు సినిమాల పేర్లు రాశావు, 1973 నాటి 'ది వికర్ మ్యాన్', 2019 నాటి 'మిడ్‌సొమ్మార్'. రెండూ మళ్ళీ చూడు. ఈసారి ఎవరు ఎవరికి ఏం పెడుతున్నారో, బదులుగా ఏం అడుగుతున్నారో మాత్రమే చూడు. (నీ స్నేహితులెవరైనా ఈ రెండూ చూడకపోతే ఈ ఉత్తరం వాళ్ళకు ఇవ్వకు. కథలన్నీ చెప్పేస్తున్నాను.)

వికర్ మ్యాన్‌లో స్కాట్లాండ్ పడమటి తీరాన సమ్మరైల్ అనే కల్పిత దీవి. ఒక పాప కనిపించడం లేదని ఆకాశరామన్న ఉత్తరం వస్తే హోవీ అనే పోలీసు సార్జంటు వెతుక్కుంటూ వస్తాడు. ఊళ్ళో ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోరు. పడుకోవడానికి గది ఇస్తారు, పాటలు పాడతారు, అడిగినదానికల్లా నవ్వుతూ అబద్ధం చెబుతారు. ఆ దీవి పళ్ళకు పేరుపడ్డది. కానీ అతనికి భోజనంలో వచ్చేవి డబ్బా పళ్ళు. సత్రం గోడ మీద ఏటేటా పంట పండగ ఫోటోలు వరసగా వేలాడుతుంటాయి, పోయిన ఏడాది ఫోటో మాత్రం లేదు. నీ స్క్రిప్టులో 40వ పేజీలో ఒక ప్రొఫెసర్ ల్యాప్‌టాప్ తెరిచి మూడు పేజీల పాటు చెప్పిన చరిత్రంతా అక్కడ ఒక డబ్బా, ఒక ఖాళీ మేకు చెప్పేస్తాయి. పంట పోయింది. ఊరికి కష్టం వచ్చింది. ఆ ప్రొఫెసర్‌ని బస్సెక్కించి పంపెయ్.

ఇంకో సంగతి గమనించావా? ఆ దీవి వాళ్ళు తరతరాలుగా పాత దేవుళ్ళను కొలుస్తున్నవాళ్ళు కారు. ఆ దీవికి యజమాని అయిన దొర ఉన్నాడే, అతని తాతగారు వ్యవసాయ శాస్త్రం చదువుకున్న మనిషి. దీవిని కొనుక్కుని, కొత్త రకం పళ్ళ చెట్లు నాటించి, కూలీలు ఉత్సాహంగా పనిచెయ్యాలని పాత దేవుళ్ళను తవ్వి తీసి వాళ్ళ చేతిలో పెట్టాడు. మనవడి కాలానికి అది నమ్మకమైపోయింది. చెట్టు కాయనప్పుడు తాత శాస్త్రం గుర్తుకు రాలేదు, తాత తెచ్చిన దేవుడు గుర్తొచ్చాడు. చివర్లో పంట కోసం హోవీని బుట్టలా అల్లిన పెద్ద మనిషి బొమ్మలో బంధించి కాలుస్తారు. నిప్పు పెట్టే ముందు అతను దొర మొహం మీదే ఒక మాట అంటాడు: వచ్చే ఏడు కూడా కాపు రాకపోతే జనం ఈసారి నిన్నే అడుగుతారు, అని. దొర మొహంలో అప్పుడు కదిలిన నీడ చూడు. నీ ఊరి పెద్దకు అలాంటి నీడ ఒక్కటీ లేదు. అతనికి పెళ్ళి కావాల్సిన కూతురుందా, బోరు ఎండిపోయిందా, పోయిన జాతరలో ఏం తప్పు జరిగింది, ఇవేవీ నీకు తెలియవని నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

మొక్కు మేకను ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశావా? స్నానం చేయించి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, మెడలో వేపమండలు వేసి గుడి ముందు నిలబెడతారు. ఒంటి మీద నీళ్ళు చల్లుతారు. ఆ తర్వాత అందరూ ఆగిపోతారు. డప్పు ఆగుతుంది, కత్తి పట్టుకున్నవాడూ ఆగుతాడు. మేక ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, మేకా ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే "ఏం తప్పు చేశామో చెప్పు తల్లీ" అని దండాలు పెడతారు, ముడుపు సరిగ్గా కట్టారా లేదా అని ఆ ఇంటివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు, మళ్ళీ నీళ్ళు చల్లుతారు. మా చిన్నప్పుడు ఒక ముసలాయన మేక చెవిలో నాలుగు చుక్కలు పోసేవాడు. చెవిలో నీళ్ళు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది. ఆ సంగతి అక్కడున్న పిల్లాడితో సహా అందరికీ తెలుసు. అయినా అది విదిలించేదాకా కత్తి లేవదు.

నీ సినిమా మొత్తం ఆ ఆగిన క్షణంలో ఉంది, అబ్బాయ్. చంపడం కాదు ఊరికి కావాల్సింది. చంపిన పాపం తనకు అంటకపోవడం కావాలి. అందుకు ఎదుటివాడి ఒప్పుకోలు కావాలి, దొంగ ఒప్పుకోలైనా సరే.

వికర్ మ్యాన్‌లో హోవీని ఎందుకు ఎంచుకున్నారో దొర లెక్కపెట్టి చెబుతాడు. తనంతట తాను వచ్చాడు. చట్టం తరఫున వచ్చాడు కాబట్టి రాజు అధికారంతో వచ్చాడు. బ్రహ్మచారి. పైగా పండగ వేషాల్లో వెర్రివాడి వేషం తానే తొడుక్కుని వచ్చాడు. నాలుగింట్లో మొదటిదే అన్నిటికంటే బరువైనది. అతన్ని ఎవరూ లాక్కురాలేదు. పాప ఉత్తరం ఎర వేసింది వాళ్ళే, అంటే చెవిలో నీళ్ళు పోసింది వాళ్ళే, కానీ పడవ లాంటి ఆ చిన్న విమానం దిగి తీరం మీద కాలు పెట్టింది అతను. అంతా అయ్యాక వాళ్ళు చేతులు పట్టుకుని ఊగుతూ పాడుకుంటారు. వాళ్ళ మొహాల్లో కసి ఎక్కడా లేదు.

మిడ్‌సొమ్మార్ ఇంకా తెలివైనది. అందులో డానీ అనే అమ్మాయి చెల్లెలు తల్లిదండ్రుల్ని కూడా చంపి తాను చనిపోతుంది. డానీకి మిగిలింది ప్రియుడు, అతనికి ఆమెను వదిలించుకోవాలని ఉంది, ఆ మాట చెప్పే ధైర్యం లేదు. పుట్టినరోజు కూడా మర్చిపోతాడు. స్వీడన్‌లో హెల్సింగ్లాండ్ అనే ప్రాంతంలో హోర్గా అనే ఊరివాళ్ళ పండగకు అందరూ కలిసి వెళ్తారు. జూన్ నెల, అక్కడ రాత్రిళ్ళు సరిగ్గా చీకటే పడదు. సినిమా దాదాపు అంతా తెల్లటి ఎండలో, పువ్వుల మధ్య నడుస్తుంది. నువ్వు 118 పేజీల్లో 90 పేజీలు రాత్రి పెట్టావు. చీకటిలో భయపెట్టడం ఎవరైనా చేస్తారు. నీ జాతరను మిట్టమధ్యాహ్నం పెట్టు, అన్నం వార్చే గంజి వాసన తగిలేలా పెట్టు.

ఆ సినిమాలో నాకు గుర్తుండిపోయినది రక్తం ఉన్న సీను ఏదీ కాదు. డానీ గుండె పగిలి కింద పడి ఏడుస్తుంటే ఊరి ఆడవాళ్ళు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని ఆమెతో పాటు, ఆమె ఊపిరికి ఊపిరి కలిపి, గొంతెత్తి ఏడుస్తారు. మన ఊళ్ళలో చావింట్లో పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు మెడ పట్టుకుని శోకాలు పెట్టడం చూసినవాడికి ఆ సీను కొత్తగా అనిపించదు. ఆమెను ఓదార్చడానికి ప్రియుడికి మాట రాలేదు, స్నేహితులకు తీరిక లేదు. ఆ ఊరు ఏడ్చిపెట్టింది. ఇక చివర్లో ఎవర్ని బలి ఇవ్వాలో ఎంచుకోమని ఆమెనే అడిగినప్పుడు ఆమె ఒళ్ళు విదిలించడంలో ఆశ్చర్యం ఏముంది? ఆ ఊరు ఆమెకు ముందే పెట్టాల్సింది పెట్టేసింది.

నీ ఐదుగురికి ఏం కావాలి? వీడియోకు వ్యూస్ కావాలి, అంతేనా? అంతే అయితే వాళ్ళు చస్తే నాకేం బాధ? ఆ అప్పు గొడవలో నలిగిపోతున్న అమ్మాయి ఉంది కదా, ఆమెకు ఊరు ఏం ఇవ్వగలదో ఆలోచించు. ఆమె మాట నమ్మే ఒక్క మనిషిని ఇవ్వు. అక్కడ నుంచి నీ కథ దానంతట అదే నడుస్తుంది.

ఊరు తన వంతు ఏం ఇస్తోందో కూడా చూడు. హోర్గా వాళ్ళకు తొమ్మిది ప్రాణాలు కావాలి. నాలుగు బయటివాళ్ళవి, నాలుగు సొంత ఊరివాళ్ళవి, తొమ్మిదోది పండగ రాణి అయిన డానీ ఎంపిక. ఊరివాళ్ళలో ఇద్దరు తామే ముందుకొచ్చి మంటల్లో కూర్చుంటారు. నొప్పి తెలియదని నోట్లో ఏదో మందు పెడతారు. నిప్పు అంటుకున్నాక అందులో ఒకడు గావుకేక పెడతాడు. ఆ ఒక్క కేకతో ఊరి నమ్మకం నిలువునా చీలినట్టుంటుంది. దాన్ని కప్పేస్తూ బయట ఊరంతా అరుస్తుంది. నీ ఊరు మాత్రం ఐదు పరాయి తలలు తీసుకుని తన గింజ ఒక్కటి కూడా ఇవ్వదు. అది నమ్మకం కాదు, దోపిడీ. దోపిడీ కథ రాయాలనుకుంటే అది వేరే రాసుకో.

ఒక నవ్వొచ్చే సంగతి చెప్పనా. ఆ సినిమాలో 72 ఏళ్ళు నిండినవాళ్ళు కొండ మీద నుంచి దూకి చనిపోతారు. వాళ్ళ లెక్కలో జీవితం పద్దెనిమిదేళ్ళ చొప్పున నాలుగు రుతువులు. నాకు 68. ఆ సీను చూస్తూ వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాను. స్వీడన్ వాళ్ళు ఆ కొండకొమ్మును ఎట్టెస్టూపా అంటారు. పాత గాథల్లోంచి వచ్చిన కథే గానీ నిజంగా అలాంటి ఆచారం ఉన్నట్టు ఆధారాలు లేవని పండితులు ఎప్పుడో తేల్చారు. అయినా మాట చావలేదు. ముసలివాళ్ళ సంక్షేమానికి కోత పెడితే ఈనాటికీ అక్కడి రాజకీయాల్లో ఆ మాటతోనే తిట్టుకుంటారు. హోర్గా అనే ఊరు నిజంగానే ఉంది. దెయ్యం ఫిడేలు వాయిస్తే పడుచువాళ్ళు కొండెక్కి చచ్చేదాకా ఆడారని అక్కడ ఒక పాత కథ కూడా ఉంది. సినిమా మాత్రం హంగరీలో తీశారు. అంటే చూడు, ఊరి పేరు నిజం, డ్యాన్సు ఊరి కథలోది, పొలం పరాయి దేశానిది, ఆచారం సగం పుక్కిటి పురాణం, మిగతా సగం డైరెక్టర్ ఊహ. కల్పన అంటే ఇలా నాలుగు చోట్ల నుంచి మన్ను తెచ్చి కలుపుకోవడమే. నువ్వు ఒకే ఊరి మన్ను ఎత్తుకొచ్చి దాని మీద రక్తం పోశావు. నీకు అసలు కోప్పడాల్సింది ఇక్కడే.

పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి, పాడుతూ ఆడుతూ డబ్బులు అడుగుతారు. నువ్వు ఆ కర్రను ఎక్కడో చూసి ఉంటావు. నీ స్క్రిప్టులో అది వచ్చింది, కానీ కర్ర వెనకాల నుంచి రాళ్ళు వేయించావు. ఎందుకురా? ఆ రోడ్డు మీద నేనూ పది రూపాయలిచ్చి వెళ్ళాను, వాళ్ళ పాటకు నవ్వుకుంటూ వెళ్ళాను. పైగా నీ కథకు రాళ్ళ కంటే ఆ పది రూపాయలే పనికొస్తాయి. డబ్బిచ్చాడు, కర్ర లేచింది, లోపలికి వచ్చాడు. అదొక ఒప్పుకోలు. ఆ సీను అలాగే ఉంచు, పండగ పేరు, ఊరి పేరు, తెగ పేరు మాత్రం తీసెయ్. పూర్తిగా నీ సొంత ఊరిని కట్టు.

ఎందుకంటున్నానో కాస్త ఓపిక పట్టి చదువు. ఆ కొండల వరసలోనే, కాస్త ఉత్తరాన, 1835-36లో, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాకు కంపెనీ సైన్యం వెళ్ళింది. గుమ్సూరు జమీందారు పన్ను బకాయిల గొడవ అది. అక్కడ కోంధు గిరిజనులు భూదేవికి మనిషిని బలిస్తారని దొరలు విన్నారు. ఆ బలి మనిషిని మెరియా అనేవారు. మెరియాను బయట నుంచి వెల ఇచ్చి కొనుక్కొచ్చేవారని, ఏళ్ళ తరబడి ఆదరంగా పెంచేవారని, నూనె, నెయ్యి, పసుపు పూసి పూలు పెట్టేవారని, వెల ఇచ్చి కొన్నాం కాబట్టి పాపం మాది కాదని చెప్పేవారని రాసుకున్నారు. నెత్తురు లేకపోతే పసుపుకొమ్ముకు రంగు ఎక్కదని వాళ్ళు అన్నారని కూడా ఉంది. పెనుగులాడకుండా నల్లమందు పెట్టేవారట. చూశావా, మళ్ళీ అదే ఒప్పుకోలు. 1845లో ఆ ఆచారాన్ని ఆపడానికే ఒక ఏజెన్సీ పెట్టారు, మెక్‌ఫర్సన్, తర్వాత క్యాంబెల్ అనే కంపెనీ అధికారులు దాన్ని నడిపారు. మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది.

ఆ రిపోర్టులు కేంబ్రిడ్జిలో కూర్చున్న మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ చేతికి వెళ్ళాయి. ఆయన 1890లో మొదలుపెట్టి అచ్చువేసిన 'ది గోల్డెన్ బౌ'లో మెరియా కథంతా ఉంది. వికర్ మ్యాన్ తీసినవాళ్ళు తమ దీవికి ఆచారాలు చాలావరకు ఏరుకున్నది ఆ పుస్తకంలోంచే. ఇక ఆ వెదురుబుట్ట లాంటి మనిషి బొమ్మలో పెట్టి కాల్చడమనేది జూలియస్ సీజర్ గాల్ దేశం మీదికి దండెత్తి వెళ్ళినప్పుడు రాసుకున్న పుస్తకంలోది. అంటే అక్కడా ఇక్కడా కథ చెప్పింది గెలిచినవాడే. చచ్చినవాళ్ళ తరఫున గానీ, చంపారంటున్నవాళ్ళ తరఫున గానీ ఎవరూ కలం పట్టలేదు. బలులు జరగలేదని నేను అనడం లేదు. కానీ ఆ కొండల్లోకి సైన్యం నడవడానికి, ఊళ్ళు తగలబెట్టడానికి ఆ మాటలు ఎంత పనికొచ్చాయో కూడా చరిత్రకారులు రాశారు. ఆ దొరల రిపోర్టు లండన్ వెళ్ళింది, పుస్తకమైంది, స్కాట్లాండ్‌లో సినిమా అయింది, నీ ఫోన్‌లోకి వచ్చింది. నువ్వు దాన్ని చూసి భయపడి, మళ్ళీ తెచ్చి అవే కొండల పక్కన పెట్టావు. ఇది తెలిశాక నాకు నీ స్క్రిప్టు కంటే ఈ దారే ఎక్కువ భయం పుట్టించింది. కావాలంటే ఈ కథే సినిమాగా రాయి.

నీతులు చెబుతున్నాడనుకోకు, నేనూ ఈ బురదలో పడ్డవాణ్ణే. ముప్పయ్యేళ్ళ కింద ఒక వారపత్రికలో నా కథ వచ్చింది. ఒక ఊరి అమ్మవారి పండగ, పూజారి హంతకుడు. ఊరి పేరు మార్చాను గానీ చెరువు, మర్రిచెట్టు, గుడి ముందు విరిగిన రాతి ఏనుగు మార్చలేదు. ఏడాది తర్వాత అదే ఊరి పండగకు వేరే పని మీద వెళ్ళాల్సొచ్చింది. పూజారి గుర్తుపట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. మంచం వాల్చాడు, కోడిని కోయించాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ఆయన కూతురు పదో తరగతి చదువుతోంది, మంచినీళ్ళు తెచ్చిపెట్టి, "మీ కథ మా నాన్నకు నేనే చదివి వినిపించానండి" అంది. ముద్ద నోట్లోనే ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "కూర బాగుందా బాబూ?" అని అడిగాడు. బాగుందన్నాను. ఇంకో గరిటె వేశాడు.

అంతకు మించి ఏం జరగలేదు. చీకటి పడకుండానే బస్సెక్కించారు. అంత భయం నేను ఏ సినిమాలోనూ పడలేదు, ఆ పూజారిని నేను కథలో ఒక్కసారి కూడా భోజనం చేస్తుండగా చూపించలేదన్న సంగతి బస్సులో తట్టింది.

చిన్న చిన్నవి కొన్ని. "సిగ్నల్ లేదు", "కారు స్టార్టవలేదు" తీసెయ్, ఈ రెండిటి మీద జనం ఎప్పుడో నవ్వడం మొదలుపెట్టారు. దానికి బదులు పొలిమేర కట్టించు. గ్రామదేవత పండగల్లో పొలి చల్లి ఊరి చుట్టూ కట్టు కట్టాక ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు అని పెట్టుకునే ఊళ్ళు మన దగ్గర ఉన్నాయి. అది బయటివాళ్ళకు పెట్టిన రూలు కాదు, ఊరందరికీ. పురుడొచ్చిన ఇంటికీ అదే. నీ ఐదుగురికి కారు బ్రహ్మాండంగా స్టార్టవుతుంది. "ఈ ఒక్క రాత్రికి ఆగండి బాబూ, మా వాళ్ళకే అరిష్టం" అంటే, మొహమాటానికి ఆగుతారు.

యాస విషయంలో, ఊరివాళ్ళందరి చేత సినిమా యాస మాట్లాడించావు. పక్కపక్క ఇళ్ళలో తాత, మనవరాలు ఒకేలా మాట్లాడరు. మనవరాలు విశాఖలో నర్సింగ్ చదువుతుండొచ్చు. ఆమె పండగకు సెలవు పెట్టి వచ్చిందంటే నమ్మకం సంగతి నాకు ఇంకా బాగా అర్థమవుతుంది.

నిర్మాత ఎప్పుడు డేట్లిస్తే అప్పుడు తీయాలి అని దిగులుపడ్డావు. వికర్ మ్యాన్ మే నెల పండగ కథ, తీసింది మాత్రం శరదృతువు చలిలో. ఎండిన చెట్లకు ఉత్తుత్తి పూలు అతికించారు. నోటి ఆవిరి కెమెరాకు కనపడకుండా నటులు నోట్లో ఐసుముక్కలు పెట్టుకునేవాళ్ళని చెబుతారు. కాబట్టి ఆ టెన్షన్ నీకు అక్కర్లేదు, రాయడం వరకు చూసుకో.

71వ పేజీ తిరగరాయమంటాను. ఇప్పుడు అక్కడ ముసుగువాళ్ళు వచ్చి కెమెరా కుర్రాణ్ణి లాక్కుపోతున్నారు. దాని బదులు వాణ్ణే ఊరి పెద్ద దగ్గరికి పంపు. పట్టపగలు, ఆయన పెరట్లో చింతపండు గింజలు తీస్తుంటాడు. "తాతా, రేపు గుడి లోపల కూడా వీడియో తీసుకోవచ్చా?" అని అడిగించు. ఆయన గింజలు తీస్తూనే, "తీసుకో బాబూ. కానీ మొదలుపెట్టాక మధ్యలో లేవకూడదు మరి. కడదాకా ఉంటావా?" అంటాడు. కుర్రాడు సంబరంగా "ఉంటాను తాతా" అంటాడు. పెద్దాయన చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడూ ఆగాలి. తర్వాత ఆయన లోపలికి చూసి, "అబ్బాయికి మజ్జిగ తేమ్మా" అనాలి. ఆ సీను రాసి పంపు, మిగతా పేజీలు తర్వాత చూద్దాం.

అన్నట్టు, వచ్చే నెల మా ఊళ్ళో అమ్మవారి పండగ. ఈసారి పదకొండేళ్ళకు చేస్తున్నారు. స్క్రిప్టు పట్టుకుని రా, మీ పిన్ని నీకు ఇష్టమని బూరెలు వండుతానంటోంది. మా వాళ్ళు విస్తళ్ళు లెక్కపెట్టుకోవాలి కాబట్టి వస్తున్నావో లేదో ఒక్క ముక్క రాయి. వస్తానని నువ్వే రాయాలి, మీ నాన్న చేత ఫోన్ చేయించకు.

ఇట్లు,
బాబాయి